పెట్టె ఎక్కడుందో ఎలుగుబంటికి తెలియదు

రెండు ఎలుగుబంటి బొమ్మలు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటాయి. ఒకటి అడుగుతుంది, రెండోది జవాబు చెబుతుంది. పాట లేదు, పరుగు లేదు, దెబ్బలాట లేదు. గొంతులు కూడా మనుషులవి కావు, కంప్యూటర్ చదివిపెట్టినవి. ఐదు నిమిషాలు తిరక్కుండానే అంతా అయిపోతుంది. అడిగిన ఎలుగుబంటి వట్టి చేతులతో మిగిలిపోతుంది.

పరిశోధకులు తమ డేటాను దాచుకోకుండా పదిమందికీ అందుబాటులో ఉంచాలని చెప్పడానికి ఈ ఇరవై ఏళ్లలో విధాన పత్రాలు, తీర్మానాలు, ప్రసంగాలు బోలెడు వచ్చాయి. వాటిలో కొన్ని చదివాను, కొన్ని విన్నాను, ఒకటి రెండు వింటూ నిద్రపోయాను. ఈ బొమ్మలాటలో ఉన్న పనితనం మాత్రం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

పేరు కొంచెం పొడుగు: ‘డేటా షేరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ స్నాఫూ ఇన్ త్రీ షార్ట్ యాక్ట్స్’. మన మాటల్లో చెప్పాలంటే, మూడు చిట్టి అంకాల్లో ఒక డేటా గందరగోళం. 2012 చివర్లో యూట్యూబ్‌లోకి వచ్చింది. తీసింది సినిమావాళ్లూ కాదు, ప్రకటనల కంపెనీవాళ్లూ కాదు. అప్పట్లో న్యూయార్క్ యూనివర్సిటీ హెల్త్ సైన్సెస్ లైబ్రరీలో పనిచేసిన కరెన్ హాన్సన్, అలీసా సర్కిస్, కరెన్ యాకబూచి. ముగ్గురూ లైబ్రరీ మనుషులే.

లైబ్రరీవాళ్లకు ఈ గొడవ ఎందుకంటే, అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011 జనవరి నుంచి ఒక షరతు పెట్టింది. గ్రాంటు కోసం దరఖాస్తు చేసే ప్రతివాళ్లూ తమ డేటాను ఎలా భద్రపరుస్తారో, ఎలా పంచుతారో ఒక ప్రణాళిక రాసి జతచేయాలి. ఆ ప్రణాళిక ఎలా రాయాలో నేర్పే బాధ్యత చాలాచోట్ల లైబ్రరీల నెత్తిన పడింది. ఇక ఆలోచించండి. ముప్పై ఏళ్ల సర్వీసున్న ప్రొఫెసరును కూర్చోబెట్టి, అయ్యా, మీ ఫైళ్లకు సరైన పేర్లు పెట్టుకోండి అని ఏ లైబ్రేరియన్ చెప్పగలదు? చెబితే ఆయన వింటాడా? మొహం మీద అనలేని మాటను బొమ్మతో అనిపించాలి.

ఆ విద్య మనకు తెలిసినదే. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ పెద్ద పెద్ద పద్యాలు పాడుతుంటే మధ్యలో కేతిగాడూ బంగారక్కా దూరి ఊరి పెద్దల గుట్టు విప్పుతారు. వేదిక కింద కూర్చున్న పెద్దమనిషి కూడా నవ్వుతాడు. తనను అన్నది మనిషి కాదు, తోలుముక్క.

ఈ ముగ్గురికీ తోలుముక్క ఎక్స్‌ట్రానార్మల్ అనే సైట్‌లో దొరికింది. అక్కడ బొమ్మల్ని ఎంచుకుని సంభాషణ టైపు చేస్తే చాలు, కంప్యూటరే గొంతు పెట్టి, చేతులు ఊపించి సినిమా చేసిపెట్టేది. గొంతు మాత్రం చప్పగా ఉంటుంది. కోపానికీ అదే స్వరం, ప్రాధేయపడటానికీ అదే స్వరం. ఇంకెవరి చేతిలోనైనా ఇది లోపమయ్యేది. వీళ్లు ఆ చప్పదనానికి తగిన కథనే ఎంచుకున్నారు. మంచి నటుడు జవాబు దాటవేస్తే కళ్లలో దొంగతనం కనబడుతుంది, మనకు వాడి మీద కోపమొస్తుంది. ఈ ఎలుగుబంటి గొంతులో దొంగతనం లేదు. ఎండ బాగా కాస్తోంది అన్నంత మామూలుగా, నా డేటా ఎక్కడుందో నాకు తెలియదు అంటుంది. నవ్వు పుట్టేది అక్కడే.

మొదటి అంకం. వచ్చిన ఎలుగుబంటి తన పేరు చెప్పుకుంటుంది: డాక్టర్ జూడీ బినైన్, క్యాన్సర్ వైద్యురాలు. గడ్డ క్యాన్సర్ కాదని తేలినప్పుడు డాక్టర్లు ‘బినైన్’ అంటారు. రోగి బంధువులు ఊపిరి పీల్చుకునే మాట అది. క్యాన్సర్ డాక్టరుకు ఆ ఇంటిపేరు పెట్టడం వైద్య విద్యార్థుల గదిలో తొలి నవ్వుకు సరిపోతుంది. అంతకన్నా లోతైన పని కూడా ఆ పేరు చేస్తోంది. డేటా ఇమ్మని ఎవరైనా అడగ్గానే పరిశోధకుడి గుండెలో రాయి పడుతుంది. నా తప్పులు పట్టడానికి వచ్చిందా? నా పని ఎత్తుకుపోవడానికి వచ్చిందా? ఈవిడ వల్ల ఎవరికీ హాని లేదని పేరులోనే చెప్పేసి, ఆ సాకును మొదటి వాక్యంలోనే తీసిపారేశారు.

బీ-కణాల మీద మీరు రాసిన వ్యాసం చదివాను, క్లోమం క్యాన్సర్ మీద నేను చేస్తున్న పనికి ఆ డేటా ఉపయోగపడేలా ఉంది అంటుందామె. నేను క్యాన్సర్ డాక్టర్ని కాదు అంటుంది రెండో ఎలుగుబంటి. అడిగిందేమిటి, చెప్పిందేమిటి! ఆమె వదలదు. కావలసినదంతా వ్యాసంలోనే ఉంది అంటాడీయన. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అప్పుడు డాక్టరమ్మ తన చేతిలోని రెండు తురుపు ముక్కలూ దించుతుంది. ఈ పరిశోధనకు డబ్బు పెట్టింది ఎన్ఐహెచ్, అంటే అమెరికా ప్రభుత్వం. వ్యాసం అచ్చయింది ‘సైన్స్’ పత్రికలో, అడిగినవాళ్లకు డేటా ఇవ్వాలన్నది ఆ పత్రిక నియమం. ఎలుగుబంటి రెండింటికీ ఒప్పుకుంటుంది. ప్రభుత్వ డబ్బే, నిజమే. సైన్స్‌లో అచ్చయింది, అదీ నిజమే. అక్కడితో ఆగుతుంది. నిజం ఒప్పుకోవడం కూడా దాటవేతేనని ఇంత క్లుప్తంగా చూపించిన సంభాషణ నేను అరుదుగా చూశాను. తొంభైల్లో మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవాళ్లు గుర్తుందా? వచ్చిన దయ్యాన్ని పొమ్మనరు, కాదనరు, మర్యాదగా రేపు రమ్మంటారు. ఈ ఎలుగుబంటి కూడా ఇవ్వను అని సినిమా మొత్తంలో ఒక్కసారీ అనదు.

ఇదేదో అతిశయోక్తి అనుకోకండి. 2006లో నెదర్లాండ్స్ పరిశోధకుడు యెల్టె విఖెర్ట్స్, ఆయన సహచరులు 141 మనస్తత్వశాస్త్ర వ్యాసాల రచయితలకు ఈమెయిళ్లు రాసి డేటా అడిగారు. వ్యాసం అచ్చుకు ఇచ్చేటప్పుడే, అడిగితే డేటా ఇస్తామని సంతకం పెట్టినవాళ్లే అందరూ. 73 శాతం మంది ఇవ్వలేదు. ఆ అంకె ఒక పత్రికలో అచ్చయి, ఆ రంగంవాళ్లు తల పట్టుకునేలా చేసింది. అంకెకు మొహం తొడిగింది మాత్రం ఈ ఎలుగుబంటే.

ఆమె మరీ పట్టుబట్టడంతో అసలు సంగతి ఒక్కో మెట్టూ దిగుతుంది. డేటా దాచాను. ఎక్కడ? పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్ ఎక్కడ? పెట్టెలో. పెట్టె? ఇంట్లో. మరి తీసివ్వొచ్చుగా? ఈమధ్యే ఇల్లు మారాం, పెట్టెలు చాలా ఉన్నాయి, వాటిమీద పేర్లు రాయలేదు. ఎండని చేప దగ్గర మొదలై చీమ దాకా నడిచే ఏడు చేపల కథ నడక ఇదే. ప్రతి జవాబూ అవసరమైనంత మేరకే నిజం చెప్పి ఆగుతుంది, తర్వాతి ప్రశ్న అడక్క తప్పదు. కథలో చివరికి చీమ చెప్పే కారణానికి ఒక న్యాయం ఉంది. ఇక్కడ చివర దొరికేది పేరు రాయని అట్టపెట్టె.

రెండో అంకంలో డేటా చేతికొచ్చేస్తుంది. ఇక్కడే నాకు ఈ ముగ్గురి మీద గౌరవం పెరిగింది. మామూలు ప్రచార చిత్రమైతే డేటా ఇవ్వనివాడు విలన్, ఇచ్చినవాడు హీరో అని ముగించేది. వీళ్లు ఇప్పించేసి, అప్పుడు అసలు కథ మొదలుపెట్టారు. ఫైలు తెరిస్తే అంతా హెక్సాడెసిమల్. పది అంకెలూ ఆరు ఇంగ్లిషు అక్షరాలూ కలగలిసిన వరసలు. యంత్రానికి అర్థమవుతాయి, మనిషికి కావు. చదవలేకపోతున్నానని ఆమె అంటే ఎలుగుబంటి, నువ్వు అడిగావు, నేను ఇచ్చాను, నా పని అయిపోయింది అన్నట్టు మాట్లాడుతుంది. నియమం ప్రకారం తప్పు లేదు. ఫైలును తెరిచే సాఫ్ట్‌వేర్ ఏదని అడిగితే పేరు చెబుతుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ దివాలా తీసిందని కూడా చెబుతుంది.

నేను ఇక్కడ నవ్వలేదు. యూనికోడ్ రాకముందు డీటీపీ సెంటర్లలో తెలుగు టైపు చేయించినవాళ్లెవరూ నవ్వలేరు. అప్పట్లో ఒక్కో కంపెనీ ఫాంటుకు ఒక్కో లెక్క. నేను రాసిన ఒక పెద్ద వ్యాసాన్ని అలా టైపు చేయించి సీడీలో భద్రంగా దాచుకున్నాను. పదేళ్ల తర్వాత తెరిస్తే పేజీల నిండా ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు. ఒక్క ‘అ’ కూడా లేదు. ఫైలు చెక్కుచెదరలేదు, చదివే దారే లేదు. ఆ సెంటరు అబ్బాయి అప్పటికే ఊరు వదిలి వెళ్లిపోయాడు. చివరికి పత్రికలో అచ్చయిన కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని మొత్తం మళ్లీ కొట్టుకున్నాను. వ్యాసం కాబట్టి సరిపోయింది. అదే ప్రయోగశాల కొలతలైతే ఎదురుగా పెట్టుకునే అచ్చు ప్రతి ఎక్కడిది?

సినిమా వచ్చిన ఏడాదికి ఈ సంగతికి లెక్క కూడా దొరికింది. టిమొతీ వైన్స్, ఆయన సహచరులు మొక్కల, జంతువుల కొలతల మీద 1991 నుంచి 2011 మధ్య వచ్చిన 516 వ్యాసాలు తీసుకుని, రచయితల్ని డేటా అడిగారు. ‘కరెంట్ బయాలజీ’లో అచ్చయిన ఫలితం ఇది: వ్యాసం పాతబడే కొద్దీ, డేటా ఇంకా మిగిలి ఉండే అవకాశం ఏడాదికి 17 శాతం చొప్పున పడిపోతోంది. రచయిత ఈమెయిల్ పనిచేసే అవకాశం కూడా ఏడాదికి 7 శాతం తగ్గుతోంది. కొందరి డేటా ఇప్పుడు యంత్రాలు తీసుకోని పాత డిస్కుల్లో ఉండిపోయింది. ఎలుగుబంటి అబద్ధం చెప్పలేదన్నమాట.

మూడో అంకమే ఈ సినిమాకు ప్రాణం. ఎలాగోలా ఫైలు తెరుచుకుంది. అంకెలు కనబడుతున్నాయి. వరసల నెత్తిన పేర్లున్నాయి: శామ్ 1, శామ్ 2, అలా. శామ్ అంటే ఏమిటని డాక్టరమ్మ అడుగుతుంది. ఏదో రసాయనం పేరనో, పరీక్ష పేరనో మనమూ అనుకుంటాం. కాదు, వ్యాసంలో సహ రచయిత పేరు శామ్. మొదటి వరసలో ఏముందో ఎలుగుబంటికి గుర్తుంది. రెండోదానిలో? గుర్తులేదు. ఈ పేర్లకు అర్థం ఎక్కడైనా రాసిపెట్టారా? రాశాం కదా, వ్యాసంలో! మొదటి అంకంలో గుర్తుంచుకోమన్న మాట ఇదే. మొదటిసారి అది పొగరులా వినిపించింది. ఇప్పుడు ఈ ఎలుగుబంటికి వ్యాసం తప్ప ఇంకేమీ మిగల్లేదని అర్థమవుతుంది. ఒకే మాటను రెండు చోట్ల పెట్టి, రెండోసారికి జాలి పుట్టించడం మంచి నాటక రచయితలు చేసే పని.

కిరాణాకొట్టు పద్దు పుస్తకాలు తిరగేసినవాళ్లకు ఇది తెలుసు. ‘రా-2, 40’ అని ఉంటుంది. రామయ్యో, రాఘవులో, రాళ్ల ఉప్పో, కొట్టు యజమానికే ఎరుక. ఆయన పోయాక ఆ పద్దు ఎవరికీ వసూలు కాదు.

మరి శామ్ ఎక్కడున్నాడు? అతను పరిశోధక విద్యార్థి. చదువు అయిపోయింది, చైనా వెళ్లిపోయాడు. వివరాలు ఇవ్వమంటే ఎలుగుబంటి దగ్గరున్నది పేరొక్కటే: శామ్ లీ. చైనాలో లీ అనే ఇంటిపేరుతో ఎన్ని కోట్లమంది ఉంటారో తెలిసినవాళ్లకు ఇది పెద్ద జోకు. కానీ ఈ జోకు కింద ఉన్న నిజం నవ్వులాటది కాదు. కొలతలు తీసింది శామ్, పట్టిక వేసింది శామ్, వరసలకు తన పేరు పెట్టుకున్నదీ శామే. ప్రొఫెసరు చేతిలో వ్యాసం మిగిలింది, అర్థం మాత్రం ఒక విద్యార్థి బుర్రలో పడి విమానమెక్కింది. అమెరికా ల్యాబుల్లో రాత్రింబవళ్లు పనిచేసి, వీసా గడువు చూసుకుని ఇంకో ఊరో ఇంకో దేశమో వెళ్లిపోయే మన పిల్లలు ఎందరో ఉన్నారు. గుంటూరు శామ్‌లు, వరంగల్ శామ్‌లు. వాళ్లు వదిలేసి వచ్చిన పట్టికల్లో ఏ వరసకు ఏ అర్థమో ఇప్పుడు వాళ్లకైనా గుర్తుందా?

దీనికి తలకిందులైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు మెట్ట గ్రామాల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. వాటిలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి: డోకూరు, పరిశోధన పత్రాల్లో ‘ఔరేపల్లె’ అని స్థిరపడిపోయిన ఊరు. మిగతావి మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలవి. ఊరికి 40 కుటుంబాలు. సర్వే చేసేవాళ్లు ఆ ఊళ్లోనే కాపురం ఉన్నారు. మూడు నాలుగు వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి ఎన్ని కూలిదినాలు, ఎంత జొన్న, ఎంత అప్పు అని రాశారు, కొన్ని ఊళ్లలో పదేళ్ల పాటు. ఏ అంకె దేనికి గుర్తో కూడా రాసిపెట్టారు. అందుకే షికాగోలో ఉన్న ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ ఆ అంకెలతో పనిచేయగలిగాడు. ఒక రైతు ఆదాయం పడిపోయిన ఏడు అతని ఇంటి తిండి కూడా అంతే పడిపోతోందా, లేక ఊరు ఏదో విధంగా కాచుకుంటోందా అన్నది ఆయన ప్రశ్న. ఇంటి తిండి సొంత ఆదాయం కన్నా ఊరి సగటు వెంటే ఎక్కువగా నడుస్తోందని ఆయనకు కనబడింది. 1994లో ‘ఎకనోమెట్రికా’లో అచ్చయిన ఆ వ్యాసం అభివృద్ధి అర్థశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. పాలమూరు కూలీ ఇంటి లెక్కను, ఆ ఊరు వదిలి వెళ్లిపోయిన సర్వేయరును వెతుక్కునే పని లేకుండానే, ఖండాంతరాల అవతలివాళ్లు చదవగలిగారు.

ఇంతకీ డేటాకు మన బడి పుస్తకాల్లో ఉన్న మాట దత్తాంశం. దత్తం అంటే ఇచ్చినది. లాటిన్‌లో డేటా అన్నా అదే అర్థం. ఇచ్చినది అని పేరు పెట్టుకుని ఇవ్వకుండా దాచుకోవడం రెండు భాషల్లోనూ విడ్డూరమే.

ఈ వాదాన్ని పెద్ద గొంతుతో వినిపించినవాళ్లూ లేకపోలేదు. స్వీడన్ వైద్యుడు హన్స్ రోస్లింగ్ 2006లో టెడ్ వేదిక మీద దేశాల ఆయుర్దాయాన్నీ సంతానాన్నీ బుడగలుగా మార్చి, గుర్రప్పందెం వ్యాఖ్యాతలా అరుస్తూ నడిపించాడు. ప్రజల డబ్బుతో సేకరించిన అంకెల్ని సంస్థలు తాళాలేసి దాచుకుంటున్నాయని ఆ ప్రసంగంలోనే దెప్పాడు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 2009లో అదే వేదిక మీద సభ చేత ముడి డేటా ఇప్పుడే కావాలని నినాదం చేయించాడు. రెండూ గొప్ప ప్రదర్శనలే. అయితే నినాదం ఇచ్చి ఇంటికెళ్లినవాడు తన పెన్‌డ్రైవ్ వెతుక్కుంటాడని నాకు నమ్మకం లేదు. ఎలుగుబంటిని చూసినవాడు వెతుక్కుంటాడు, ఎందుకంటే ఆ ఎలుగుబంటి తనే.

వెటకారంతో సాధించిన ఇంకో పని కూడా చెప్పాలి. 2016లో ఒక పెద్ద వైద్య పత్రిక సంపాదకీయం, ఇతరుల డేటా మీద బతికే ‘పరిశోధన పరాన్నజీవులు’ పెరిగిపోతారేమో అని కొందరు భయపడుతున్నారని రాసింది. మండిపడ్డవాళ్లలో కొందరు ఉత్తరాలతో సరిపెట్టుకోకుండా ‘రీసెర్చ్ పారసైట్ అవార్డు’ పెట్టేశారు. ఇతరుల డేటాతో మంచి పని చేసినవాళ్లను పిలిచి మరీ ఇస్తున్నారు. తిట్టును కిరీటంగా తొడుక్కున్నారు.

ఎలుగుబంట్ల సినిమాలో నాకు నచ్చనిది లేకపోలేదు. డేటా ఇవ్వనివాళ్లందరూ బద్ధకస్తులే అన్నట్టు చూపిస్తుంది. రోగుల పేర్లూ ఊళ్లూ ఉన్న డేటాను అలా బయట పెట్టలేరు. మంచిగా సర్దిపెట్టడానికి నెలలు పడుతుంది, ఆ నెలలకు ప్రమోషన్‌లో ఒక్క మార్కూ రాదు. ఈ ఇబ్బందుల ఊసు సినిమాలో లేదు. ఐదు నిమిషాల్లో అన్నీ చెప్పాలని అడగడం అన్యాయమే కావచ్చు. అయినా ఆ ఎలుగుబంటి తరఫున ఒక్క వాక్యం ఉంటే బాగుండేదని నాకనిపించింది.

చివరగా ఒక సంగతి. ఈ సినిమా తీయడానికి వాడిన ఎక్స్‌ట్రానార్మల్ సైటు 2013లో మూతపడింది. సినిమా వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. రెండో అంకంలో ఎలుగుబంటి చెప్పిన కథ ఆ ఎలుగుబంటికే జరిగింది. ఆ ముగ్గురూ బొమ్మల్ని సైట్‌లోనే వదిలేయకుండా, ఎవరి యంత్రంలోనైనా ఆడే మామూలు వీడియోగా బయటికి తీసి పెట్టారు కాబట్టి ఇవాళ మనం చూడగలుగుతున్నాం. ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉంది. ఇంగ్లిషు తేలికే, చప్పటి గొంతులు కాబట్టి ప్రతి మాటా వినబడుతుంది. చూడండి. చూశాక మీ పెన్‌డ్రైవ్ ఏ డబ్బాలో ఉందో నాకు చెప్పక్కర్లేదు, ఆ డబ్బా మీద ఒక చీటీ అంటించండి.